నొప్పి పోయింది, ఎముక ఇంకా కోలుకోలేదు

పోయినేడాది మా మరిదికి మోకాలి పైన ఎముకలో జెయింట్ సెల్ ట్యూమర్ అని తేలింది. సాధారణంగా క్యాన్సర్ కాదు కానీ ఎముకను లోపల్నుంచి తినేస్తుంది, తీసేసినా మళ్ళీ రావచ్చు. అందుకే సర్జన్ కణితిని గీకి తీసి, ఆ గుంతలో లిక్విడ్ నైట్రోజన్ పోశారు. తర్వాత బోన్ సిమెంట్‌తో నింపారు. 1960ల్లో న్యూయార్క్‌లో డాక్టర్ రాల్ఫ్ మార్కోవ్ మొదలుపెట్టిన పద్ధతి ఇది.

మూడో నెలకల్లా నొప్పి పోయింది. ఇండియా నుంచి అత్తయ్య ఒకటే పోరు: "ఎక్స్‌రే బాగానే ఉందన్నారుగా, చెల్లి పెళ్ళికి కర్రల్తో వస్తావట్రా?" బీఎస్సీ చదివిన పాపానికి ఆవిడకి నచ్చజెప్పే పని నా మీద పడింది.

లిక్విడ్ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల చల్లదనం. కణాల్లో నీరు మంచు పలుకులై కణాలు చచ్చిపోతాయి. కణితి కణాలతోపాటు పక్కనున్న మంచి ఎముక కణాలూ పోతాయి, క్యాల్షియం మాత్రం అలాగే ఉంటుంది. ఎక్స్‌రేలో ప్రధానంగా కనిపించేది ఆ క్యాల్షియమే. కాబట్టి చచ్చిన ఎముక కూడా మొదట్లో మామూలుగానే కనిపిస్తుంది. మనుషుల్లేని ఇల్లు లాంటిదన్నమాట. గోడలుంటాయి, మరమ్మతు చేసేవాళ్ళుండరు. చుట్టుపక్కల నుంచి రక్తనాళాలు, కొత్త కణాలు వచ్చి పాత ఎముకను కొద్దికొద్దిగా తీసి కొత్తది కట్టడానికి నెలలు పడుతుంది. ఈలోగా బరువు మోపితే విరిగే ప్రమాదం ఉంది.

ఎమ్మారై చూసేది మూలుగలోని నీటిని, కొవ్వును. గాడోలినియం ఇంజెక్షన్ ఇచ్చి తీస్తే రక్తం అందుతున్న చోటు మెరుస్తుంది, అందని చోటు మెరవదు. సన్నని పగుళ్ళకి, కొత్త ఎముకకి సీటీ స్కాన్ మేలు. కణితి మళ్ళీ వస్తే ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే వస్తుంది. సిమెంట్ అంచున ఎముక కరుగుతోందా అన్నది పాత స్కాన్ పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

మనలాంటి వాళ్ళం ఉద్యోగాల కోసం ఊళ్ళూ దేశాలూ మారుతుంటాం. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, స్కాన్ బొమ్మల సీడీలు కూడా అడిగి తీసుకోండి. నొప్పి లేదని తర్వాతి స్కాన్ మానేయకండి. కాలు మీద ఎంత బరువు వేయొచ్చో ప్రతిసారీ డాక్టర్‌నే అడగండి.

మా మరిది పెళ్ళికి కర్రల్తోనే వెళ్ళాడు. ఫోటోల్లో అవి పడకుండా అత్తయ్యే చూసుకున్నారు.