చెప్పింది బయటికి పోదు కదా?

రామాపురం లాంటి ఊళ్ళో ఇంటర్ చదివే కుర్రాడికి జ్వరమొస్తే దాచుకునేదేం ఉండదు. బస్సులో ఎదురైన బాబాయి "ఎక్కడికిరా?" అంటే "డాక్టరు దగ్గరికి" అంటాడు, అయిపోతుంది. అదే మనసు బాగాలేక కౌన్సెలింగ్‌కి తెనాలి వెళ్తున్నానంటే? సాయంత్రానికల్లా ఆ కబురు రేపల్లెలో ఉన్న మేనత్త చెవిన పడుతుంది. మర్నాటి నుంచి "పిల్లాడికేమైంది?" అని ఫోన్లు. అందుకే ఈ వయసు పిల్లలు కౌన్సెలరు ఎదుట కూర్చోగానే ముందు తేల్చుకోవాలనుకునే సంగతి ఒక్కటే: చెప్పింది బయటికి పోదు కదా?

ఆ భయం తీరాక అసలు చికిత్స మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి భయం తీరడం కూడా చికిత్సే. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో, కౌన్సెలరుకూ వచ్చినవారికీ మధ్య కుదిరే పొత్తులో మూడు అంశాలున్నాయన్నాడు: ఒకరంటే ఒకరికి ఆపేక్ష, ఏం సాధించాలో ఇద్దరికీ ఒకే మాట, అందుకు ఏం చేయాలో కూడా ఒకే మాట. తీయగా మాట్లాడితే మొదటిది కుదరొచ్చు, మిగతా రెండూ అంత తేలిక కాదు. మార్కులు పెరగాలని తండ్రి తీసుకొస్తాడు. కొడుక్కి కావలసింది రాత్రిపూట కంటినిండా నిద్ర. కౌన్సెలరు తండ్రి కోరికే పట్టుకుని కూర్చుంటే పిల్లాడు మర్యాదగా తల ఊపుతాడు, మళ్ళీ రాడు.

ఈ పొత్తును ప్రశ్నావళులతో కొలుస్తారు. 295 అధ్యయనాల్లోని 30 వేల మందికి పైగా వివరాలను కలిపి 2018లో లెక్కగట్టారు. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ నయమవడంలోని తేడాలో సుమారు 8 శాతం ఈ పొత్తుతో ముడిపడి ఉందని తేలింది. ఇంతేనా అనిపిస్తుంది గానీ, పేరున్న చికిత్సా పద్ధతులను పక్కపక్కన పెట్టి చూస్తే వాటి మధ్య కనబడే తేడా మామూలుగా ఇంతకంటే తక్కువే. ఒక మెలిక మాత్రం ఉంది. కాస్త నయమనిపించినవాళ్ళకు కౌన్సెలరు మీద గురీ పెరుగుతుంది, కాబట్టి ఏది ముందో ఏది వెనకో విడదీయడం కష్టం.

ఇక వయసు సంగతి. ముందువెనకలు ఆలోచించే మెదడు ముందుభాగం ఇరవయ్యేళ్ళు దాటాక కూడా ముదురుతూనే ఉంటుంది. మెచ్చుకోలుకూ ఉత్సాహానికీ స్పందించే లోపలి భాగాలు మాత్రం యవ్వనం మొదట్లోనే జోరందుకుంటాయి. గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగంలో కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించారు. పక్కన స్నేహితులుంటే 13 నుంచి 16 ఏళ్ళవాళ్ళు దాదాపు రెట్టింపు ప్రమాదానికి ఒడిగట్టారు. 24 ఏళ్ళు, ఆపైన ఉన్నవాళ్ళకు పక్కన ఎవరున్నా ఒకటే. "బుద్ధిలేదు" అని మనం తిట్టే పిల్లలకు బుద్ధి ఉంటుంది. చూసేవాళ్ళుంటే అది పక్కకు తప్పుకుంటుంది, అంతే. నలుగురిలో నిలబెట్టి పెట్టే చీవాట్లు ఎందుకు పనిచేయవో, తలుపేసిన గదిలో ఇద్దరే కూర్చుని మాట్లాడుకుంటే ఎందుకు పనవుతుందో నాకు ఇక్కడే అర్థమవుతుంది.

మద్యం మానలేనివాళ్ళతో పనిచేసిన విలియం మిల్లర్ మరో విషయం గమనించాడు. ఆయన బృందం 1993లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్స చేసేవారు ఎంత గట్టిగా నిలదీస్తే, ఏడాది తర్వాత అవతలివాళ్ళ తాగుడు అంత ఎక్కువగా కనిపించింది. మారాలని మనమే వాదిస్తే, మారకూడదని వాదించడమే ఎదుటి మనిషికి మిగులుతుంది.

రాత్రి రెండింటిదాకా ఫోన్లో ఆటలాడే కుర్రాడు వచ్చాడనుకుందాం. "ఫోను పక్కన పెట్టెయ్ నాన్నా, బాగుపడతావు" అంటే "అందరూ ఆడతన్నారు మేడమ్, నేనొక్కణ్ణేనా" అంటాడు. అలా కాకుండా "ఆట మొదలెట్టే ముందు నీకేమనిపిస్తది?" అని అడిగి ఊరుకుంటే, కాసేపటికి "పుస్తకం తీస్తే ఫిజిక్స్ ఏం ఎక్కట్లేదండి. ఆటలో అన్నా గెలుస్తా" అనొచ్చు. "మరి పొద్దున్నే?" "క్లాసులో తల వాలిపోద్ది. ఇలాగైతే కష్టమే." ఆ ఆఖరి మాట కౌన్సెలరు అన్నది కాదు, వాడే అన్నాడు. దాన్ని జారనివ్వకుండా "కష్టమంటే?" అని అడగడంలో ఉంది నేర్పు.

ఇదంతా పెద్ద పెద్ద డిగ్రీలవాళ్ళే చేయాలనీ లేదు. గోవాలోని సంగత్ సంస్థతో కలిసి పరిశోధకులు ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో 9 నుంచి 12 తరగతుల పిల్లలు 250 మందితో ఓ పరీక్ష చేశారు. మానసిక వైద్యులు కానివాళ్ళకే శిక్షణ ఇచ్చి, నాలుగైదు సార్లు కూర్చోబెట్టి, సమస్య ఏమిటి, దారులేమున్నాయి, ఏది చేసి చూద్దాం అన్న వరసలో మాట్లాడించారు. బొమ్మల పుస్తకం ఒక్కటే ఇచ్చినవాళ్ళకంటే వీళ్ళకు, తాము స్వయంగా చెప్పుకున్న సమస్యలు ఎక్కువగా తగ్గాయి. మానసిక లక్షణాల మొత్తం కొలతలో మాత్రం ఆరు వారాలకు అంత తేడా తేలలేదు.

గుట్టు విషయానికొస్తే, చికిత్స పొందేవారి వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటోంది. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితుల్లో మినహాయింపు ఉంది. 18 ఏళ్ళలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఏవి దాస్తారో, ఏవి దాచలేరో మొదటిరోజే చెప్పేవారే మంచి కౌన్సెలరు. "ఏదైనా చెప్పు, ఎవరికీ చెప్పను" అని మాటిచ్చి తర్వాత తప్పితే, ఆ పిల్ల ఇంకెవరి దగ్గరా నోరు విప్పదు.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ 2023లో చనిపోయిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలరునో, సైకాలజిస్టునో, సోషల్ వర్కరునో పెట్టుకోవాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. ఎవరూ దొరకని చోట 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది: 14416కి ఏ వేళ చేసినా ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నా అనుమానమల్లా కాలేజీల అమలు మీదే. ఇంటర్నల్ మార్కులు వేసే లెక్చరర్‌కే కౌన్సెలర్ బోర్డు తగిలిస్తే కోర్టు మాట కాగితం మీద చెల్లినట్టు కనిపిస్తుంది, పిల్లలు మాత్రం ఆ గదిలో అడుగుపెట్టరు. అడ్మిషన్ రోజున హాస్టల్ ఫీజు గురించి నాలుగుసార్లు అడిగే తల్లిదండ్రులు ఇంకో రెండు మాటలు కూడా అడగొచ్చు: మీ కౌన్సెలరు ఎవరికి రిపోర్టు ఇస్తారు? వాళ్ళు రాసుకునే నోట్సు బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది?