ఇంగ్లిష్ మాటలు ఎందుకు మరిచిపోతాం? ఎలా నిలుస్తాయి?

చాట్రాయి మండలంలో పదో తరగతి ముగించి నూజివీడు ట్రిపుల్ ఐటీలో చేరే పిల్లలకు పాఠాలు దాదాపు అన్నీ ఇంగ్లిష్‌లోనే. అక్కడ తడబడేది మామూలు మాటల దగ్గర కాదు, ‘అనలైజ్’, ‘హైపోథసిస్’ లాంటి వాటి దగ్గర. న్యూజిలాండ్ భాషావేత్త అవెరిల్ కాక్స్‌హెడ్ పై చదువుల పుస్తకాలను జల్లెడపట్టి, ఇలాంటి 570 పదకుటుంబాల జాబితాను 2000లో ప్రచురించారు. ఆ పుస్తకాల్లోని మాటల్లో సుమారు పదో వంతు ఇవే! కాబట్టి డిక్షనరీని మొదటి పేజీ నుంచి బట్టీపట్టడం దండగ.

మరి ఎలా నేర్చుకోవాలి? మామిడి వ్యాపారుల నోట నలిగే ‘ఎక్స్‌పోర్ట్’నే తీసుకోండి. లాటిన్‌లో ‘ఎక్స్’ అంటే బయటికి, ‘పోర్ట్’ అంటే మోయడం. ఈ మూలం తెలిస్తే ఇంపోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, పోర్టబుల్ సగం అర్థమైనట్టే. నా దృష్టిలో ఇంతకంటే మంచి దారి లేదు.

ఒక్కసారి చదివింది త్వరగా మరుపున పడుతుందని జర్మనీ పరిశోధకుడు ఎబింగ్‌హాస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో చెప్పారు. అందుకే మర్నాడు, మూడు రోజులకు, వారానికి మళ్లీ గుర్తు చేసుకోవాలి. ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉంటాయి కదా! తెలుగు పేజీ మూసి ఇంగ్లిష్ చదవండి. తెలియని మాట అర్థం ఊహించాకే తెలుగు చూడండి. ఆ మాటతో మీ తోట గురించి ఓ వాక్యం ఈరోజే రాయండి.