పాత ఇనుములో దాగిన ప్రమాదము – దానికి మందులు

హైదరాబాదు పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలో పాత ఇనుము వ్యాపారము చేసుకొనే ఒక సహోదరుడు మమ్మును ఇలా అడిగాడు: “అయ్యగారూ, ఆస్పత్రి మిషన్ల సామాను కూడా మా కొట్టుకు వస్తుంది. అందులోని రేడియేషన్ పదార్థము ఒంట్లోకి పోతే మందేమైనా ఉందా?” మేము వైద్యులము కాము. తెలుసుకొన్నది వ్రాస్తున్నాము.

మందులున్నవి. అయితే ఏ పదార్థమునకు ఆ మందే.

1987 సెప్టెంబరులో బ్రెజిల్ దేశములోని గొయానియా నగరములో, ఖాళీ చేసిన ఆస్పత్రిలో వదిలివేసిన క్యాన్సర్ చికిత్స యంత్రమును ఇద్దరు విప్పి పాత ఇనుము వ్యాపారికి అమ్మారు. లోపలి సీసియం పొడి చీకటిలో నీలముగా మెరిసింది. ముచ్చటపడి బంధువులకు పంచారు. ఆరేండ్ల పాప ఆ పొడి అంటిన చేతితోనే తిన్నది. ఇంట్లో అందరికీ జబ్బు చేయగా, దీనివల్లనే అని అనుమానించి ఆ వస్తువును సంచిలో వేయించి, బస్సెక్కి ఆరోగ్య కార్యాలయమునకు తెచ్చినది వ్యాపారి భార్యయే. ఆమె, ఆ పాప, మరి ఇద్దరు మరణించారు.

అక్కడ 46 మందికి ఇచ్చిన మందు పేరు ప్రష్యన్ బ్లూ. అది మొదట చిత్రకారుల నీలిరంగు. సీసియం ప్రేగులలోనికి దిగి, మరల రక్తములో కలుస్తూ ఉంటుంది. ఈ మందు దానిని ప్రేగులలోనే పట్టుకొని మలముతో బయటకు పంపుతుంది. శరీరములో సీసియం సగమగుటకు దాదాపు 110 రోజులు పట్టేది, 30 రోజులకు తగ్గుతుంది. (బట్టలకు పెట్టే నీలిమందు నీళ్ళు త్రాగితే సరిపోతుందని ఎవరూ అనుకోవద్దు!) ఢిల్లీలోని ఇన్మాస్ సంస్థ రూపొందించిన పద్ధతిలో దీనిని మన దేశములో తయారుచేయుటకు 2023లో అనుమతి వచ్చింది.

ప్లుటోనియమునకు డి.టి.పి.ఎ. అనే మందును నరములోనికి ఎక్కిస్తారు, అది మూత్రముతో బయటకు తెస్తుంది. అయోడిన్ మాత్ర పని వేరు. అది దేనినీ బయటకు పంపదు. థైరాయిడ్ గ్రంథిని ముందే మంచి అయోడిన్‌తో నింపి చెడ్డదానికి చోటు లేకుండా చేస్తుంది.

2010లో ఢిల్లీలోని మాయాపురిలో పాత ఇనుము కొట్లలో కోబాల్ట్ బయటపడి ఒకరు మరణించారు. బయటినుండి తగిలిన కిరణముల దెబ్బను ఈ మందులేవీ మాన్పలేవు.

కనుక బరువైన సీసపు డబ్బా గాని, పసుపు మీద ఫ్యాను రెక్కల వంటి మూడు రెక్కల గుర్తు గాని కనబడితే విప్పవద్దు. దూరముగా జరిగి పోలీసులకు చెప్పండి. అప్పటికే తాకియుంటే బట్టలు మార్చి, ఒళ్ళంతా సబ్బుతో కడుగుకొని, ఏమీ తినకుండా ఆస్పత్రికి వెళ్ళి జరిగినది దాచక చెప్పండి.

ఆ సహోదరుడు బిల్లు వెనుక ఆ గుర్తును మాచేత గీయించుకొని, కాటా పైన గోడకు అంటించుకొన్నాడు.