ఆంధ్రదేశంలో యూదులు

గుంటూరు జిల్లా చేబ్రోలు దాపున కొత్తరెడ్డిపాలెం అనే పల్లె ఉంది. 1991లో అక్కడ యూదుల ప్రార్థనామందిరం వెలసిందంటే పాఠకులకు వింతగా తోచవచ్చు. ష్మూయెల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు దానికి పూనుకొన్నారు. తప్పిపోయిన పది గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిము సంతతివారమని వీరి నమ్మకం. అందుకే బెనె ఎఫ్రాయిమ్ అని పేరు. వీరు మాదిగ కుటుంబాలవారు, పూర్వం క్రైస్తవులు. చాలమందికి పొలంకూలే ఆధారం.

యూదధర్మం ప్రకారం శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చీకటిపడేదాక పని ముట్టరాదు. రెక్కాడితేగాని డొక్కాడనివారికి అది ఒకనాటి కూలి. పైగా సామూహిక ప్రార్థనలు కొన్నింటికి పదిమంది పెద్దలు కూడి తీరాలి. నాయకుడు ఎంత పండితుడైనా తొమ్మిదిమందితో జరపలేడు. ఆ పదోవాడు కూలి మానుకొని వచ్చేటట్టు నమ్మకం నిలపడమే నాయకత్వం. మన శ్రీకాకుళ, విజయనగరాలలో గ్రంథాలయమో, నాటక సమాజమో నడిపినవారికి ఈ కష్టం కొత్తదేమీ కాదు.