చిన్న తెరచాప పడవలో ద్వీప ప్రయాణం: కాటలీనా ఉదాహరణ

ఉద్దేశ్యాలు
ఈ భాగం చదివిన తరవాత మీరు:
• ప్రయాణ కాలాన్ని లెక్కకట్టగలుగుతారు.
• పెద్ద ఓడల మార్గాన్ని దాటే నియమాలను వివరించగలుగుతారు.
• వెనుదిరగవలసిన పరిస్థితులను గుర్తించగలుగుతారు.

పరిచయం
అమెరికాలోని కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా శాంటా కాటలీనా ద్వీపం ఉంది. లాస్ ఏంజెలెస్ రేవు దీపస్తంభం నుంచి ద్వీపంలోని ఆవలాన్ పట్టణానికి దాదాపు 22 నాటికల్ మైళ్లు. (1 నాటికల్ మైలు = 1,852 మీటర్లు.) ఆకాశం తేటగా ఉన్నరోజు ద్వీపం ఒడ్డుకే కనబడుతుంది. అందువల్లనే చాలామంది ఈ ప్రయాణాన్ని తేలికగా తీసుకుంటారు.

1. కాలం, గాలి
గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని 'నాట్' అంటారు. 5 నాట్ల వేగంతో 22 మైళ్లకు 4 గంటల 24 నిమిషాలు పడుతుంది. 3 నాట్లయితే 7 గంటల 20 నిమిషాలు. మధ్యాహ్నం 12కు బయలుదేరినవారు రెండో సందర్భంలో రాత్రి 7.20కి గాని చేరరు. శీతకాలంలో అప్పటికే చీకటి పడుతుంది.

ఇక్కడ ఉదయం గాలి సాధారణంగా మందంగా ఉంటుంది. పగలు నేల వేడెక్కిన కొద్దీ మధ్యాహ్నానికి పడమటి గాలి బలపడుతుంది. మీ దారి దాదాపు దక్షిణానికి కాబట్టి ఆ గాలి పడవ పక్కనుంచి తగులుతుంది. ఇది అనుకూలమే. అయితే పడవ కొద్దికొద్దిగా తూర్పుకు జారుతుంది. దారి 5 డిగ్రీలు తప్పితే 22 మైళ్ల చివర దాదాపు 2 మైళ్ల తేడా వస్తుంది. ఆవలాన్ ద్వీపం తూర్పు కొసకు దగ్గర. పొగమంచులో ఆ కొస దాటితే ముందున్నది సముద్రమే. కనుక దిక్సూచిని చూస్తూ కొంచెం పడమటికి పట్టి నడపాలి.

2. ఓడల మార్గం
'తెరచాప పడవకు ఇంజను ఓడ దారి ఇవ్వాలి' అన్న నియమం మీరు విని ఉంటారు. 1972 అంతర్జాతీయ నియమాల ప్రకారం, నిర్దేశిత ఓడ మార్గంలో వస్తున్న ఇంజను ఓడకు తెరచాప పడవ అడ్డు రాకూడదు. మార్గాన్ని దాటక తప్పనప్పుడు పడవ ముక్కును వీలైనంత లంబకోణంలో ఉంచి దాటాలి. 15 నాట్ల ఓడ 10 నిమిషాల్లో రెండున్నర మైళ్లు వస్తుంది. దిక్సూచిలో ఓడ కనిపించే దిశ మారకుండా, ఓడ దగ్గరవుతూ ఉంటే ఢీకొనే ప్రమాదం ఉన్నట్లే.

3. వెనుదిరగడం
ఈ నిర్ణయం ఒడ్డునే తీసుకోండి. 'ఫలానా వేళకు సగం దూరం దాటకపోతే, లేదా మంచు కమ్మితే తిరిగి వస్తాను' అని రాసుకుని, ఒక కాపీ ఒడ్డున ఉన్నవారికి ఇవ్వండి. ఈశాన్యం నుంచి వీచే 'శాంటా ఆనా' గాలుల సూచన ఉంటే బయలుదేరనే వద్దు. ఆవలాన్ రేవు ఆ వైపుకే తెరచి ఉండటంవల్ల అక్కడ లంగరు వేసినా రక్షణ ఉండదు.

సారాంశం
ద్వీపం కనబడటం వేరు, చేరడం వేరు. కాలం, గాలి, ఓడలు, వెనుదిరిగే వేళ – ఈ నాలుగూ ముందే లెక్కవేసుకున్నవారికి ప్రమాదం తగ్గుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
ఉదయం 8కి బయలుదేరి 4 నాట్ల వేగంతో వెళితే ఎన్నింటికి చేరతారు?
జవాబు: మధ్యాహ్నం 1.30కి.