నడుముకి పెట్టుకునే మొదటి తుపాకీ: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో ఏ గ్యాస్ స్టేషన్‌లోనో, కన్వీనియన్స్ స్టోర్‌లోనో పనిచేస్తున్న మన పిల్లవాడిపై కాల్పులు జరిగాయన్న వార్త వచ్చినప్పుడల్లా అక్కడి తెలుగు ఇళ్లలో ఒకే ప్రశ్న లేస్తుంది: మనమూ ఒక తుపాకీ కొనుక్కుంటే? ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అయితే స్నేహితులు చెప్పినవి, దుకాణాల్లో విన్నవి, యూట్యూబ్‌లో చూసినవి కలిసి ఆ భయం చుట్టూ ఎన్నో నమ్మకాలు పేరుకుపోయాయి. వాటిలో కొన్నింటి వల్ల పోయేది డబ్బే. మరికొన్నింటి వల్ల వీసా పోతుంది, ప్రాణం పోతుంది.

అపోహ: "టెక్సస్‌లో లైసెన్సే అక్కర్లేదు. ఎవరైనా పెట్టుకోవచ్చు."

మనవాళ్లకు అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టం అడ్డు చెప్పని వ్యక్తి లైసెన్సు లేకుండా పిస్టల్ వెంట ఉంచుకోవచ్చన్నది నిజం. సగానికి పైగా రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలే ఉన్నాయి. కానీ అర్హతను తేల్చేది రాష్ట్రం ఒక్కటే కాదు, ఫెడరల్ చట్టం కూడా. ఎఫ్1 మీద చదువుకునేవారు, హెచ్1బీ మీద ఉద్యోగం చేసేవారు, హెచ్4 మీద వచ్చిన భార్య లేదా భర్త, వీళ్లంతా నాన్ ఇమిగ్రెంట్ వీసాదారులు. వీరి దగ్గర తుపాకీ ఉన్నా, ఒక్క తూటా ఉన్నా ఫెడరల్ నేరం. 2022లో వచ్చిన మార్పు తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. ఆపైన దేశం నుంచి పంపించేసే ప్రమాదం వేరే ఉంది.

సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అద్దె పిస్టల్ పేల్చడం కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. స్టోర్ యజమాని కౌంటర్ కింద ఉంచిన తుపాకీని నైట్ షిఫ్ట్‌లో ఉన్న విద్యార్థి చేతిలోకి తీసుకున్నా అంతే. వేట లైసెన్సు ఉన్నవారికి చట్టంలో ఒక మినహాయింపు ఉంది. దాన్ని నమ్ముకుని ఏ అడుగు వేయాలన్నా ముందు లాయరుతో మాట్లాడాలి, వాట్సాప్ గ్రూపుతో కాదు.

గ్రీన్‌కార్డు ఉన్నవారు కొనుక్కోవచ్చు. డీలరు దగ్గర 4473 నంబరు ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటాలి. ఆ ఫారంలో వీసా గురించిన ప్రశ్న కూడా ఉంటుంది. "అన్నయ్యకు గ్రీన్‌కార్డు ఉంది కదా, ఆయన పేరున కొంటే సరి" అనుకుంటే, అలా ఒకరి కోసం ఇంకొకరు కొనడం దానికదే మరో ఫెడరల్ నేరం. దానికీ 15 ఏళ్ల దాకా పడుతుంది.

కాబట్టి ఇకపై రాసేదంతా కొనే హక్కు ఉన్నవారికే.

అపోహ: "మొదటిసారి కదా, ఉన్నవాటిలోకెల్లా చిన్నది తీసుకోండి."

దుకాణంలో చేతిలోకి తీసుకోగానే చిన్న పిస్టల్ ముద్దుగా, తేలిగ్గా అనిపిస్తుంది. పేల్చినప్పుడు ఆ తేలికే శత్రువవుతుంది. ఒకే రకం తూటాను బరువైన పిస్టల్‌లోంచీ తేలికైన పిస్టల్‌లోంచీ పేలిస్తే, తేలికైనదే చేతిని గట్టిగా వెనక్కి తంతుంది. 2008లో వచ్చిన రూగర్ ఎల్‌సీపీ ఖాళీగా 300 గ్రాములు కూడా తూగదు. ప్యాంటు జేబులో పడుతుంది. కానీ పట్టుకోవడానికి రెండు వేళ్ల చోటే ఉంటుంది, గురి చూసే గుర్తులు అతి చిన్నవి. చేయి తిరిగినవాళ్లే దాంతో ఎక్కువసేపు సాధన చేయడానికి ఇష్టపడరు. సాధన చేయబుద్ధి కాని తుపాకీ కొత్తవాళ్లకు ఎందుకు?

గ్లాక్ 19 ఖాళీగా సుమారు 600 గ్రాములు, మ్యాగజైన్‌లో 15 తూటాలు. పట్టు నిండుగా దొరుకుతుంది, కాకపోతే పల్చటి చొక్కా కింద దాచడం కష్టం. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని 2018లో వచ్చిన సిగ్ పీ365 పూరించింది. బరువు అరకిలో, అంత సన్నటి పిస్టల్‌లో పది తూటాల మ్యాగజైన్. ఆ తర్వాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. నన్నడిగితే మొదటి తుపాకీగా ఈ మధ్య రకంలో, చిటికెన వేలికి కూడా చోటు దొరికే 9 ఎంఎం పిస్టల్ మంచిది. ఏ మోడల్ అన్నది మాత్రం ఎవరి సలహాతోనూ తేలదు. రేంజ్‌లో మూడు నాలుగు అద్దెకు తీసుకుని, ఒక్కోదాంతో ఒక పెట్టె తూటాలైనా పేల్చి చూడాలి. వేలు ట్రిగ్గర్‌కు ఇబ్బంది లేకుండా అందుతోందా, తూటా ఎక్కించడానికి లాగే పైభాగం, అంటే స్లైడ్, తడబడకుండా వెనక్కి వస్తోందా, చివరి పది తూటాలూ మొదటి పది పడ్డంత దగ్గరగా పడుతున్నాయా అన్నది చేతికే తెలియాలి.

అపోహ: "ఆడవాళ్లకు రివాల్వర్ సులువు."

వాడే పద్ధతి సులువే, సూటిగా కాల్చడం కాదు. జేబులో పట్టే ఐదు తూటాల రివాల్వర్ ట్రిగ్గర్‌ను నొక్కడానికి ఐదు కిలోల దాకా బలం కావాలి. గ్లాక్ లాంటి పిస్టల్‌కు అందులో సగం చాలు. అంత గట్టిగా నొక్కేటప్పుడు గొట్టం పక్కకు తిరుగుతుంది, గురి తప్పుతుంది. భార్యకు ఏది కావాలో అడగకుండా భర్త కొనుక్కొచ్చే గులాబీ రంగు రివాల్వర్లు చాలావరకు అలమరలోనే ఉండిపోతాయి. స్లైడ్ లాగడం కష్టమైతే అందుకోసమే తేలికైన స్ప్రింగుతో చేసిన స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ లాంటివి 2018 నుంచీ ఉన్నాయి. ఎవరు పెట్టుకుంటారో వారే ఎంచుకోవాలి.

అపోహ: "9 ఎంఎం చాలదు, పాయింట్ 45 ఉండాలి."

తూటా సైజు గురించిన ఈ వాదన వెనుక ఒక చరిత్ర ఉంది. 1986 ఏప్రిల్ 11న మయామీలో జరిగిన ఎదురుకాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. దుండగుల్లో ఒకడికి తగిలిన ఒక 9 ఎంఎం తూటా గుండెదాకా వెళ్లకుండా ఆగిపోయింది. ఆ తర్వాత ఎఫ్‌బీఐ పెద్ద తూటాలకు మారింది. ముందు 10 ఎంఎం, దాని తన్ను ఎక్కువ కావడంతో పాయింట్ 40. కాలక్రమంలో తూటాల తయారీ మెరుగుపడింది. 2010ల మధ్యకల్లా ఎఫ్‌బీఐ మళ్లీ 9 ఎంఎంకే వచ్చింది. ఎక్కువమంది ఏజెంట్లు దాంతోనే వేగంగా, సూటిగా కాలుస్తున్నారన్నది వారు చెప్పిన కారణాల్లో ఒకటి.

తగిలితేనే ఏ తూటా అయినా పనిచేసేది. న్యూయార్క్ పోలీసులపై రాండ్ పరిశోధన సంస్థ 2008లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఎదుటివాడూ కాలుస్తున్నప్పుడు గురికి తగిలినవి సగటున 18 శాతమే. వాళ్లు శిక్షణ పొందిన పోలీసులు. తూటా సైజు మీద పెట్టే శ్రద్ధలో సగం సాధన మీద పెట్టినా ఎంతో మేలు.

అపోహ: "హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటే చాలు, హోల్‌స్టర్ ఎందుకు?"

2014 డిసెంబర్ చివర్లో ఐడహో రాష్ట్రంలోని ఒక వాల్‌మార్ట్‌లో రెండేళ్ల బాబు అమ్మ హ్యాండ్‌బ్యాగులో చేయి పెట్టాడు. తుపాకీ పేలి ఆ తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఆ బ్యాగు తుపాకీ కోసమే ప్రత్యేకంగా అర ఉన్నది. ఆమె తుపాకీ వాడకం తెలిసిన మనిషి.

బయటికి సేఫ్టీ మీట ఉందా లేదా అన్న వాదన ఎంతైనా సాగుతుంది. ట్రిగ్గర్‌ను పూర్తిగా మూసే గట్టి హోల్‌స్టర్, అది కదలకుండా పట్టే దళసరి బెల్టు, అవి ఒంటి మీదే ఉండటం మాత్రం వాదనకు అతీతం. తుపాకీకి నాలుగైదు వందల డాలర్లు అనుకునేవారు హోల్‌స్టర్‌కు, బెల్టుకు, శిక్షణకు, సాధన తూటాలకు అంతకంటే ఎక్కువే పక్కన పెట్టుకోవాలి.

అపోహ: "లైసెన్సు వచ్చింది, ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు."

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి న్యూజెర్సీలో ఎడిసన్‌లోని చుట్టాలింటికి కారులో బయల్దేరేవారు ఇది గుర్తుంచుకోవాలి. న్యూజెర్సీ ఏ ఇతర రాష్ట్రపు లైసెన్సునూ గుర్తించదు. పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్ అక్కడ నిషిద్ధం. పోస్టాఫీసులోకి, ఫెడరల్ భవనాల్లోకి తుపాకీ తీసుకెళ్లకూడదు. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి వెళ్లే యూఎస్‌సీఐఎస్ ఆఫీసూ ఆ లెక్కలోదే. 2024లో అమెరికా విమానాశ్రయాల తనిఖీల్లో 6,678 తుపాకులు పట్టుబడ్డాయి. వాటిలో నూటికి తొంభైకి పైగా తూటాలు నింపి ఉన్నవే. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగును ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడకూడదు. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా చాలు, శంషాబాద్‌లో 1959 ఆయుధాల చట్టం కింద కేసు కావడానికి.

అపోహ: "ఇంట్లో తుపాకీ ఉంటే ప్రమాదం బయటివాళ్లకే."

2023లో అమెరికాలో తుపాకీతో పోయిన సుమారు 46,700 ప్రాణాల్లో 27,300 ఆత్మహత్యలే. కాలిఫోర్నియా వాసులపై స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. పిస్టల్ ఉన్న మగవారిలో తుపాకీతో ఆత్మహత్య చేసుకునే అవకాశం, లేనివారితో పోలిస్తే, దాదాపు ఎనిమిది రెట్లు ఎక్కువని తేలింది. ఆడవారిలో ముప్పై అయిదు రెట్లు. ఉద్యోగాలు ఊడే కాలంలో, వీసా గడువుల ఒత్తిడిలో, మనసులోని మాట బయటికి చెప్పని మన ఇళ్లలో ఈ అంకెల్ని పక్కన పెట్టలేం.

ఒంటి మీద లేని ప్రతి నిమిషమూ తుపాకీ తాళం వేసిన ఇనుప పెట్టెలో ఉండాలి. ఇంట్లో హెచ్4 మీద ఉన్నవారుంటే ఆ తాళం చెవి వారికి అందకూడదు, టీనేజీ పిల్లలకు అసలే అందకూడదు. 17 ఏళ్లలోపు పిల్లలకు నింపిన తుపాకీ అందేలా ఉంచడం టెక్సస్‌లో నేరం కూడా. ఇంట్లో ఎవరైనా కుంగిపోయి ఉన్నారనిపిస్తే దాన్ని కొన్నాళ్లు ఇల్లు దాటించండి. కొన్ని తుపాకీ దుకాణాలు, పోలీసు స్టేషన్లు అలా భద్రపరుస్తాయి. 988కి ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా మాట్లాడటానికి మనిషి దొరుకుతారు. వీసా ఏదైనా, పౌరసత్వం ఏదైనా.