వంటయింటి గాలి

కె.కోటపాడు ప్రాంతమున బెల్లము వండు రైతునకు పొయ్యి సంగతి వేఱుగా జెప్పనక్కఱలేదు. పెనము క్రింది పొయ్యికి పొగగొట్టము లేనిచో మంట సరిగా నందుకొనదని యాత డెఱుగును. ఖర్చునకు వెనుదీయక దానిని గట్టించును. అట్టివాడే తన యింట రెండుపూటలు వెలుగు పొయ్యికి గాలి పోవు దారి యున్నదా లేదా యని విచారింపడు. ఈ వింతను నేను పలు గ్రామములలో జూచితిని.

కట్టెలు, పిడకలు కాల్చగా వచ్చు పొగ కన్నులకును ఊపిరితిత్తులకును జేయు కీడు అంద ఱెఱిగినదే. ఇండ్లలోని పొగ మూలమున 2020వ సంవత్సరమున లోకములో 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అంచనా. మన రాష్ట్రమున 1999లో దీపము పథకమును, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకమును వచ్చిన పిమ్మట పేదల యిండ్లలో సైతము గ్యాసు పొయ్యి వెలిగెను. ఇది గొప్ప మేలు. కట్టెపొయ్యికి మరలుడని నేను జెప్పను.

అయినను పొగ కనబడనంత మాత్రమున గాలి చెడలేదని తలపరాదు. మంట వేడికి గాలిలోని నత్రజనియు ప్రాణవాయువును గలసి, తుదకు నైట్రోజన్ డయాక్సైడు అను విషవాయువు ఏర్పడును. అది శ్వాసనాళములను రేపును. ఉబ్బసము గల పిల్లలకు మఱింత హాని. ఇంగ్లండు, స్కాట్లండులలోని బడిపిల్లలను బరిశీలించినవారు, గ్యాసుతో వండు ఇండ్లలోని పిల్లలకు దగ్గు, రొమ్ముపడిశము ఎక్కువగా నున్నవని 1977లో బ్రకటించిరి. తరువాతి పరిశోధన లన్నియు ఒక్కమాట చెప్పవు గాని, గాలి ఆడని వంటయిల్లు మంచిదని యెవరును జెప్పలేదు.

గాలి చాలక మంట పసుపువన్నె దిరిగినచో కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగును లేదు, వాసనయు లేదు. తలనొప్పి, తల తిరుగుట, వాంతి దాని గుఱుతులు. మూసిన గదిలో బ్రాణము తీయగలదు. గ్యాసునకు గల దుర్వాసన, కారినపుడు తెలియుటకై కలిపినది మాత్రమే. కాలిన పిమ్మట బుట్టు విషమును అది తెలుపదు.

మొన్న ఒక సభ్యుని యింట, మంట గాలికి రెపరెపలాడుచున్నదని కిటికీని గోనెసంచితో మూసియుండిరి. నేను దానిని దీయించి, పొయ్యిని కిటికీకి ప్రక్కగా జరిపించితిని. దమ్మిడీ ఖర్చు కాలేదు. పైకప్పు దగ్గఱ గోడకు రంధ్ర మొకటి పెట్టించిన వేడిగాలి పోవును. గ్యాసు గాలికంటె బరువైనది గావున, కారినచో నేలను బట్టి పోవును. తలుపు క్రింద సందును గుడ్డలతో గట్టిగా మూయకుడు. నీళ్లు కాచు కట్టెపొయ్యిని పెరటిలోనికి మార్చుడు. గిన్నెల అడుగున మసి పట్టుచున్నచో బర్నరు రంధ్రములను శుభ్రపఱచుడు. అప్పటికిని మంట నీలముగా రానిచో మెకానిక్కునకు జూపుడు.